ఆట్లో వాన

ఆ రోజు ఆట నా చేతిలో ఉంది.

ఈ ఒక్క మాట ఆ సాయంత్రమే అనేసి ఉంటే మా అత్త పరువు నిలిచేది, పక్క కల్లం బాబాయికి ఇన్నేళ్ళూ మజ్జిగ దొరికేది, ఇది రాసే పని నాకు తప్పేది. అనలేదు. అనకపోగా ఇంకో రెండు అబద్ధాలు తెచ్చి దానికి కాపలా పెట్టాను. మా చుట్టాల్లో కొందరు ఇప్పటికీ "ఆటల పిచ్చిలో పడి మీ అత్త మిరపకాయలు తడిపింది" అని నవ్వుకుంటూ చెప్పుకుంటారు. పెళ్ళి భోజనాల్లో ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా నేను పెరుగన్నం వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచేవాణ్ణి. ఆ విధంగా చాలా పెరుగన్నం పోగొట్టుకున్నాను. జరిగింది జరిగినట్టు ఇప్పుడు చెబుతాను.

మాది పర్చూరుకి ఇవతల, నల్లరేగడి నేల. ఎనభైల చివరి మాట. మా నాన్న మిషన్ బడిలో హెడ్మాస్టరు. బడి గంట కొట్టాక రైతు. కొంత పత్తి, కొంత మిరప వేసేవాళ్ళం. కాయలు కోశాక ఊరి చివరి మెరక మీద నాలుగైదు కుటుంబాలవాళ్ళం పక్కపక్కనే కల్లాలు చేసుకొని ఆరబోసేవాళ్ళం. ఆ రోజుల్లో బస్సు దిగిన చుట్టాలకి మా ఇంటి దారి చెప్పనక్కర్లేదు. తుమ్ములు ఎక్కడ మొదలవుతాయో అక్కడ కుడివైపు తిరగమంటే సరిపోయేది.

మిరప చేలో ఉన్నంతకాలం వాన కావాలి. కోసి కల్లంలో పోశాక ఒక్క జల్లు పడినా కాయ రంగు మారుతుంది, మచ్చలు వేస్తుంది. గుంటూరు యార్డులో అలాంటి కాయని వేలితో కూడా ముట్టుకోరు. అందువల్ల ఒకే మనిషి ఒకే ఏడాదిలో వాన రావాలనీ, రాకూడదనీ ప్రార్థన చేయించుకోవడం మా చర్చిలో మామూలు. పాస్టరు గారిని మేము అయ్యగారు అంటాం. ఆయన ఆదివారం గుళ్ళో అడుగు పెట్టేముందు ఈ వారం ఏ ప్రార్థన అని గుమ్మం దగ్గరే కనుక్కొని లోపలికి వెళ్ళేవారు.

ఈ వాన విషయంలో మా మెరకకంతటికీ దిక్కు మా అత్త. నాన్నకి అక్క. ఆమెని కనిగిరి వైపు ఇచ్చారు. ఆ మెట్ట ప్రాంతంలో మబ్బు కోసం ఆకాశం చూసి చూసి, మామ పోయాక మా ఇంటికి వచ్చేసింది. అక్కడ నేర్చిన విద్యనే ఇక్కడ తిరగేసి వాడుకుంది. వాన వస్తుందేమోనని అక్కడ ఆశగా చూసిన మనిషి, ఇక్కడ భయంగా చూసేది. పైకి చూడటమే కాదు, కల్లంలోంచి గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించేది. బాగా ఎండిన కాయలో గింజలు గలగలలాడతాయి. గాలిలో తేమ చేరితే ఆ చప్పుడు మందగిస్తుంది. చప్పుడు మందగించిందా, ఒకసారి పడమరకి తిరిగి, రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టి, "వానొస్తంది... పట్టాలేయండహో" అని కేక పెట్టేది.

ఆ కేక పడితే మేమెవరం తల పైకెత్తేవాళ్ళం కాదు. చూడటం అత్త పని, పరిగెత్తడం మా పని. కాయలు ఏరే ఆడవాళ్ళు, రైతులు, దారిన పోయేవాళ్ళు కూడా వచ్చి కాయల్ని పోగు చేసి టార్పాలిన్ పట్టాలు లాగేవాళ్ళు. ఆఖరి పట్టా అంచు మీద రాయి పెట్టేసరికి మొదటి చినుకు పడేది. నాకు ఊహ తెలిశాక ఆమె కేక తప్పిన రోజు లేదు. ఆమెకి పొలం లేదు, పిల్లలు లేరు, సంతకం కూడా రాదు. ఆ మెరక మీద ఆ కేక ఉంది. ఊళ్ళో ఆమెకున్నది అదే.

అలాంటి చోటికి ఆట తెచ్చినవాణ్ణి నేను.

డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్ష రాయడానికి మద్రాసు వెళ్ళాను. పరీక్ష గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. తిరిగొస్తూ, రేవు దగ్గర విదేశీ సరుకు అమ్మే కొట్ల వరసలో అరచేతిలో పట్టే ఒక వీడియో గేమ్ కొన్నాను. బూడిద రంగు తెర, రెండు మీటలు. తెర మీద పైన ఒక గీత, కింద ఒక గీత. పై గీతలోంచి నల్ల చుక్కలు పడుతుంటాయి. కింద వేలి గోరంత మనిషి ఒకడు బుట్ట పట్టుకొని నిలబడి ఉంటాడు. ఎడమ మీట నొక్కితే ఎడమకి, కుడి మీట నొక్కితే కుడికి పరిగెత్తి చుక్కల్ని బుట్టలో పట్టాలి. పట్టిన చుక్కకి ఒక పాయింటు. చుక్క నేల మీద పడితే వాడు తల అడ్డంగా ఊపుతాడు. మూడో చుక్క కూడా పడితే నెత్తిన చేతులు పెట్టుకొని చతికిలబడతాడు, ఆట అయిపోతుంది. దాంతోపాటు ఒక కాగితం ఇచ్చారు గానీ అది ఏ భాషో మా నాన్నకి కూడా అంతుపట్టలేదు. కాబట్టి ఆ మనిషెవరో, ఆ చుక్కలేమిటో, ఎందుకు పట్టాలో మాకు చెప్పేవాళ్ళు లేరు.

"ఏందిరా అది?" అని అడిగింది అత్త.

"వీడియో గేమ్ అత్తా. పడే చుక్కల్ని ఈ మనిషి బుట్టలో పట్టాలి."

"ఎందుకు?"

"పడితే పాయింట్లొస్తాయి."

"వాడికా, నీకా?"

ఈ ప్రశ్న నేను అంతకుముందు ఆలోచించలేదు. ఆలోచించవలసిన ప్రశ్న అని కూడా అనిపించలేదు. నాకు అంకె పెరగడం ముఖ్యం. దాని మీద అప్పటిదాకా వచ్చిన అతి పెద్ద అంకె ఆ యంత్రం గుర్తుపెట్టుకుంటుంది, రెండు మీటలూ ఒకేసారి నొక్కితే చూపిస్తుంది. ఆ అంకె నాదై ఉండాలి, అంతే. బ్యాంకు పరీక్షలో చూపించని పట్టుదల అంతా అక్కడ చూపించాను.

మిగతావాళ్ళకి అంకె సరిపోలేదు. వాళ్ళకి కథ కావాల్సి వచ్చింది. నాన్న కళ్ళజోడు పైకి తోసుకొని కాసేపు చూసి, "ఇది బడిరా. పైకప్పు కారుతోంది. ఈయన హెడ్మాస్టరు" అని తేల్చారు. వాళ్ళ బడి కప్పు నిజంగానే కారేది. "ఈ బుట్ట అవతల పెట్టి పైవాళ్ళకి గట్టిగా ఒక అర్జీ రాసుకోవచ్చు కదా, ఈ పరుగులెందుకు" అని ఆ మనిషి మీద విసుక్కొని, అర్జీ రాసే వీలు లేని ఆట ఆడటం దండగని నాకు తిరిగిచ్చేశారు.

పక్క కల్లం బాబాయి మాకు చుట్టం కాదు గానీ అంతకంటే ఎక్కువ. ఆయనకి తాటి కల్లు మీద ప్రేమ ఉంది. "అవి కల్లు బొట్లురా అబ్బాయ్. పైన తాడిచెట్టుంది, తెర చాలక ఏసుండరు. వాడి చేతిలోది బుట్టేంది నీ మొహం, ముంత" అన్నాడు. ఆ నమ్మకంతోనే ఆడేవాడు. ఒక చుక్క నేల మీద పడితే "పోనీలే, భూదేవికి" అనేవాడు. మూడు చుక్కలూ భూదేవికే పోయేవి.

ఒకరోజు అయ్యగారు కల్లాల దగ్గరికి ప్రార్థనకి వచ్చారు. ఆటని చేతిలోకి తీసుకొని, అది ఇశ్రాయేలీయుల మీద ఆకాశం నుంచి ఆహారంగా కురిసిన మన్నా అని ఒక్క చూపులో పోల్చేశారు. తొమ్మిది పాయింట్లకే ఆయన మనిషి చతికిలబడ్డాడు. నేను నవ్వు ఆపుకోవడం చూసి, "మన్నా ఆ పూటకి సరిపడానే ఏరుకోవాలి బాబూ. ఎక్కువ ఏరి దాచుకుంటే పురుగు పట్టింది, చదివావుగా" అన్నారు. తక్కువ పాయింట్లని బైబిలు వాక్యంతో సమర్థించుకున్న ఆటగాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

అత్త మాత్రం ఆట ముట్టుకోకుండా కొన్నాళ్ళు నా భుజం మీంచి చూస్తూ ఊరుకుంది. తర్వాత ఒక పొద్దున అడిగింది.

"వాడి కాళ్ళ కింద ఆ గీత ఏందిరా?"

"నేల అత్తా."

"నేలంటే అంత చదునుగా ఉంటదా? అలికినట్టుంది చూడు. అది కల్లం. కాయలు పోసున్నై. వాడు చుక్కలు పడతన్నాడనుకున్నావా, కాయల మీద పడకుండా అడ్డం పడతన్నాడు. పట్టా లేదు పాపం. బుట్టతో ఎంతకని ఆపుతాడు?"

"మూడోది పడితే కూర్చుంటాడేం మరి?" అన్నాడు బాబాయి.

"కాయలు తడిస్తే అట్టా కాక ఎట్టా కూర్చుంటారు? మొన్న తుపానుకి చేలో పత్తి తడిసిన రోజు మా తమ్ముడు ఎట్టా కూర్చున్నాడో చూడలేదా నువ్వు?"

నాన్న పత్రిక అడ్డం పెట్టుకున్నారు. మేము తెర వైపు చూశాం. అచ్చం నాన్నే. ఆ తర్వాత ఇంక ఎవరికీ అక్కడ బడి గానీ, తాడిచెట్టు గానీ కనిపించలేదు. అయ్యగారికి కూడా మన్నా కనిపించలేదు. ఎవరో సముద్రాల అవతల ఎందుకు గీశారో తెలియని ఆ మనిషి మా కల్లం మనిషైపోయాడు.

అప్పుడు అత్త ఆట చేతిలోకి తీసుకుంది. అంకె ఆమెకి అక్కర్లేదు, చదవడం కూడా రాదు. వాడు తడవకూడదు, కాయలు తడవకూడదు, అంతే ఆమె లెక్క. "అటు పో నాయనా, అటు. ఆ మూలది వదిలెయ్, ఈ పక్కది ముందు" అని వాడికి చెబుతూ ఆడేది. నాకు నెల పట్టిన చోటికి ఆమె వారంలో చేరింది. ఒకరోజు ఆరు వందల చిల్లర దాకా పోయింది. అంకె ఎంతో నేనే చదివి చెప్పాల్సి వచ్చింది. చెప్పేటప్పుడు నా గొంతు ఎలా ఉందో నాకు గుర్తుంది.

వాడి బాగోగులు కూడా ఆమే చూసేది. కూలోళ్ళు అన్నాలకి లేచే వేళ వాణ్ణి ఎవరూ పరిగెత్తించకూడదు. మిట్టమధ్యాహ్నం ఎండకి ఆ తెర మొత్తం నల్లబడి మనిషి మాయమైతే, "వడదెబ్బ తగిలింది" అని తీసుకెళ్ళి మంచినీళ్ళ కుండకి చుట్టిన తడిగుడ్డ పక్కన పెట్టేది. నిజంగానే కాసేపటికి తెర తెల్లబడి వాడు బయటికి వచ్చేవాడు. అప్పటినుంచి కుండ పక్కనే వాడి చోటు. కారం చేతులతో అందరూ ముట్టుకోవడం వల్ల ఆ మీటలు నొక్కినవాడు కళ్ళు నులుముకుంటే అయిపోయినట్టే. వాడు తల ఊపినప్పుడల్లా మేము నిజంగా ఏడుస్తూ ఉండేవాళ్ళం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆడుతూ ఆడుతూ అత్త కేక పెట్టింది.

చుక్కలు గుంపుగా పడే ఘట్టం ఒకటి ఉంటుంది. అక్కడికి చేరగానే ఆమె తనకి తెలియకుండానే "వానొస్తంది... పట్టాలేయండహో" అంది. మెరకంతా లేచింది. కాయలు పోగు చేశారు, పట్టాలు లాగారు, రాళ్ళు పెట్టారు. అంతా అయ్యాక తల ఎత్తితే నెత్తిన మండే ఎండ. అత్త ఆట కొంగు కింద పెట్టుకొని, "మీకు కాదమ్మా, వాడికి చెప్పాను" అంది.

రెండోసారి అలా జరిగినప్పుడు అయ్యగారు అక్కడే ఉన్నారు. తెల్లబట్టలతో కాయల్లోకి దిగి పట్టా లాగారు. వారం రోజుల దాకా ఆయన కూర్చున్న చోటల్లా ఎరుపు అంటింది. మూడోసారికి బాబాయి నడుము పట్టుకొని, "అక్కా, ఇంక నా వల్ల కాదు. కేకేసేముందు ఏ వానో చెప్పు" అన్నాడు. అత్త సిగ్గుపడింది. ఆడేటప్పుడు నోట్లో కొంగు కుక్కుకొని చూసింది, అయినా కేక ఆగలేదు. ఆఖరికి మెరక మీద ఒక పద్ధతి ఏర్పడింది. అత్త కేక వినగానే అందరూ నా వైపు చూస్తారు. ఆట ఆమె చేతిలో ఉంటే నేను "ఆట్లో వాన" అంటాను. ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. లేకపోతే "నిజం వాన" అంటాను, పరిగెత్తుతారు. అలా ఏ ఉద్యోగమూ లేని నాకు మా ఊరివాళ్ళు ఒక ఉద్యోగం ఇచ్చారు.

ఆ సాయంత్రం నేను గోతాల దొంతర వెనక నీడలో కూర్చొని ఉన్నాను. మధ్యాహ్నం వడదెబ్బ తిన్న ఆటని కుండ పక్కనుంచి నేనే తీసుకున్నాను. ఎవరూ చూడలేదు. అంకె అయిదు వందలు దాటింది. అత్త కల్లం పడమటి అంచున కాయలు చెవి దగ్గర ఆడిస్తోంది. అది నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె చేతిలో ఆట లేదని నాకు తెలుసు. నా చేతిలోనే ఉంది కదా.

ఆరు వందలు దాటాక అంకె చూడటం మానేశాను. ఇది ఎవరికీ చెప్పుకోలేదు గానీ, అప్పటికి నేను కూడా పాయింట్ల కోసం ఆడటం లేదు. అత్త చెప్పిన కథ నాకూ పట్టుకుంది. కింద కల్లం ఉంది, కాయలున్నాయి, వాడు ఒంటరిగా ఉన్నాడు. ఒక్క చుక్క పడనివ్వకూడదు.

"వానొస్తంది... పట్టాలేయండహో."

"ఏ వానరా అబ్బాయ్?" అని గోతాల అవతలనుంచి బాబాయి అరిచాడు.

తల ఎత్తితే ఒక చుక్క పోతుంది. తల ఎత్తలేదు. "ఆట్లో వాన" అన్నాను.

కాయలు ఏరే ఆడవాళ్ళు నవ్వుకోవడం వినిపించింది. అత్త మళ్ళీ అరిచింది. ఈసారి పరిగెత్తుకుంటూ, మనుషుల్ని రెక్క పట్టి లేపుతూ. "నిజం వానమ్మా, లేవండి, ఒట్టు, నిజం వాన." వాళ్ళు ఇంకా నవ్వారు. ఒకామె, "పెద్దమ్మా, మీవాడికి బుట్ట ఉందిలే, ఆపుతాడు" అంది. తర్వాత లెక్క చూసుకుంటే, సరిగ్గా అప్పుడే నేను అత్త అంకెని దాటి ఉంటాను. వెంటనే తెర మీద పెద్ద చుక్క ఒకటి పడింది. నా మనిషిని దాని కిందికి పరిగెత్తించాను. బుట్టలో పడలేదు. అది అక్కడే ఉండి మెరుస్తోంది. రెండోది నా బొటనవేలి మీద పడ్డాక గానీ అది ఆట లోపలి చుక్క కాదని నాకు తెలియలేదు.

ఆ తర్వాత అందరం పరిగెత్తాం. పట్టాలు అందేసరికి అయిపోయింది. ఆ మెరక మీదనుంచి బాట దాకా ఎర్రనీళ్ళు పారాయి. నాన్న నెత్తిన చేతులు పెట్టుకొని కూర్చున్నారు. నవ్వు రాకూడని సమయంలో ఆయన్ని చూస్తే ఎవరు గుర్తొస్తున్నారో అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

నేను చేసిన మొదటి పని, ఆ గందరగోళంలో ఆటని కుండ పక్కన పెట్టేయడం. రెండో పని, నాన్న "నువ్వెందుకురా ఆట్లో వాన అన్నావు?" అని అడిగినప్పుడు, "అత్త చేతిలో ఉందనుకున్నాను" అనడం. అందరూ కుండ వైపు చూశారు. ఆట అక్కడే ఉంది, అత్త రోజూ పెట్టే చోటే.

"నేను ముట్టుకోలా" అంది అత్త. "మధ్యాహ్నం పెట్టిందే. మళ్ళీ ముట్టుకోలా."

"ఆడుతూ కూర్చొని, మీద పడ్డాక చూసి ఉంటావులే అక్కా" అన్నారు నాన్న. కోపంగా కూడా కాదు, నీరసంగా అన్నారు. "ఇన్ని దొంగ కేకలయ్యాక నిజం కేకకి ఎవరు లేస్తారు?"

అత్త ఒక్కొక్కరి మొహమూ చూసింది. నా మొహం కూడా. నేను తడిసిన కాయల్ని చాలా శ్రద్ధగా పోగు చేస్తున్నాను.

ఇంకో సంగతి ఉంది. ఆ యంత్రం రెండు మీటలూ నొక్కితే నేను కొట్టిన అంకె చూపిస్తుంది. అత్త అంకె ఊళ్ళో అందరికీ తెలుసు, అంతకంటే ఎక్కువ కనిపిస్తే ఎవరిదని అడుగుతారు. నా జీవితంలో అప్పటిదాకా సాధించిన ఒకే ఒక్క ఘనత, దాన్ని ఎవరికీ చెప్పుకోలేను. ఆ రాత్రి వెనక మూత విప్పి బిళ్ళ బ్యాటరీలు తీసి బావిలో వేశాను. అత్త అంకెని నాది చెరిపేసింది, ఇప్పుడు నాదీ పోయింది. నీళ్ళు చేరి పాడైందని ఇంట్లో చెప్పాను. అత్త నమ్మింది. తడిసిన కాయలతో పాటు దాన్నీ కల్లంలో రెండు రోజులు ఆరబోసింది, పొద్దుటినుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ తిరగేస్తూ. వాడు లేవలేదు. ఒక పాత గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టుకుంది.

మరుసటి ఏడాదినుంచి నాన్న కల్లానికి ట్రాన్సిస్టరు తీసుకొచ్చారు. అది రోజూ అక్కడక్కడా జల్లులు పడవచ్చనేది. అక్కడంటే ఎక్కడో, ఇక్కడంటే ఎక్కడో అది చెప్పదు. అత్త మళ్ళీ ఎప్పుడూ కేక పెట్టలేదు. చప్పుడు మందగిస్తే మాట్లాడకుండా లేచి మా కాయల మీద పట్టా ఒక్కతే లాక్కునేది. తెలివైనవాళ్ళు ట్రాన్సిస్టరు వినడం మానేసి ఆమె చేతుల్ని చూడటం మొదలుపెట్టారు. నమ్మకం తిరిగొచ్చిందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె గొంతు రాలేదు. చుట్టాల్లో కథ మాత్రం పెరిగి పెద్దదైంది. ఆఖరికి నేను కూడా నవ్వేవాళ్ళలో ఒకణ్ణయ్యాను.

పక్క కల్లం బాబాయికి మాత్రం ఆ ఏడాదినుంచి మా ఇంట్లో మజ్జిగ బందైంది. ఎందుకో ఆయనకి తెలియదు, మాకూ తెలియదు. ఆయన పలకరిస్తే అత్త పక్కకి చూసేది. వాళ్ళమ్మాయి పెళ్ళికి అందరం వెళ్ళాం, అత్త తలనొప్పని పడుకుంది. "అక్కకి నేనేం చేశానురా?" అని ఆయన నన్ను చాలాసార్లు అడిగాడు. నేను నిజంగానే తెలియదన్నాను. నా అబద్ధాల మధ్య అదొక్కటే నిజం.

పోయిన సీజనులో ఒంగోలునుంచి ఊరికి వెళ్ళాను. చివరికి ఏదో ఒక పరీక్ష నన్ను కరుణించింది, అక్కడే ఉద్యోగం. పొలం కౌలుకిచ్చినా అత్త ఇప్పటికీ రోజూ కల్లం దగ్గరికి వెళ్ళి గొడుగు కింద కూర్చుంటుంది. నేనూ పక్కన కూర్చున్నాను. కాయలు ఏరే అమ్మాయి ఒకతె మధ్యలో ఫోను తీసి ఏదో ఆట ఆడుతోంది. రంగులు, పేలుళ్ళు, పరుగులు. అత్త ముందుకి వంగి చాలాసేపు చూసింది.

"దీంట్లో మనవాడున్నాడా?" అని అడిగింది.

"ఎవరు పెద్దమ్మా?"

"బుట్ట పట్టుకొనుండేవాడు." ఆ తర్వాత నాతో అంది, "ఆ రోజు వాడి మీద కూడా వాన పడిందిరా. దాంతోనే పోయాడు. నేను కేకేశాను, ఒక్కళ్ళు లేవలా. ఆ తాగుబోతోడు ఆట తీసుకెళ్ళి ఆడుకొని, తడిశాక తెచ్చి నా కుండ పక్కన పెట్టాడు. నోరు తెరిచి నేనని చెప్పలా. ఇన్నేళ్ళైనా చెప్పలా."

తాగుబోతోడు అంటే బాబాయి. పక్క కల్లంలో నులకమంచం మీద కూర్చొని, చెవిలో యంత్రం పెట్టుకొని మా వైపే చూస్తున్నాడు, ఎప్పటికైనా మజ్జిగ వస్తుందేమోనని.

నా నోట్లోంచి అప్పుడు మాట వచ్చింది. "బాబాయి కాదత్తా, నేను" అన్నాను. తల కిందికి వేసుకొని మొత్తం చెప్పాను. గోతాల వెనక కూర్చోవడం, తల ఎత్తకపోవడం, ఆటని కుండ పక్కన పెట్టడం, బావిలో బ్యాటరీలు. "వాడు వానకి పోలేదత్తా. సెల్లులు నేనే తీసేశాను."

అత్త గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించింది, కింద పోసింది.

"అయితే వాడు చావలా" అంది ముందు.

"లేదత్తా."

"ఆ రోజు నా మీద ఎంత కొట్టావు?"

"పది ఎక్కువ."

"ఊఁ." మళ్ళీ కాయలు తీసింది. "నాకొక్కదానికి చెబితే ఏం లాభంరా? నన్ను ఒక్కదాన్నే పక్కకి పిలిచి అన్నారా ఆ రోజు? ఈ మెరకంతా విన్నది. లే."

"ఇప్పుడా?"

"లేచి నిలబడు. ఆడికి వినపడాల. చెవిటోడయ్యాడు." పక్క కల్లం వైపు గడ్డంతో చూపించింది. "పాపం పిచ్చోడు, ఊరికే మాడ్చాను."

లేచాను. "బాబాయ్" అన్నాను. ఫోను అమ్మాయి కూడా వినలేదు.

"చేతులు పెట్టుకోరా నోటికి" అంది అత్త. "ఎట్టా కేకేయాలో తెలియదా నీకు? చిన్నప్పటినుంచి విన్లా?"

రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టాను. అంతే, ఏరే ఆడవాళ్ళలో ఆ కేక ఎరిగిన పెద్దవాళ్ళు లేచారు, వాళ్ళని చూసి మిగతావాళ్ళూ ఫోన్లు పడేసి పట్టాల మీదికి ఉరికారు. అత్త చెయ్యి ఎత్తి వాళ్ళని ఆపింది. "వాన కాదమ్మా, కూర్చోండి. ఈయన ఏదో చెబుతాడంట, వినండి."

బాబాయి చెవిలో యంత్రం సర్దుకున్నాడు. నాది యాభై దాటిన గొంతు, అయినా ఆ మెరక చివరిదాకా వెళ్ళింది.

"బాబాయ్, ఆ రోజు ఆట అత్త చేతిలో లేదు, నీ చేతిలోనూ లేదు, నా చేతిలో ఉంది. అత్త కేక నిజం వానకే. తెలిసి తెలిసి ఆట్లో వాన అన్నది నేను. తప్పు నాది, క్షమించత్తా. నువ్వూ క్షమించు బాబాయ్."